జీమ్యాటా, జీఆర్ఈనా? ముందు మీ లిస్టు చూపించండి

"ఎంబీఏకి జీమ్యాట్, మిగతా అన్నిటికీ జీఆర్ఈ" అన్న లెక్క పాతబడింది. ఇవి రెండూ ఎక్కువగా విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్షలు. పేరున్న బిజినెస్ స్కూళ్లలో ఎక్కువ శాతం ఇప్పుడు రెండిట్లో ఏది రాసినా తీసుకుంటున్నాయి. ఎకనామిక్స్ విభాగాలు అలా కాదు. పరీక్ష అడిగే చోట వాళ్లు ఎక్కువగా అడిగేది జీఆర్ఈనే. అందుకే మీరు అప్లై చేయబోయే కోర్సుల లిస్టులో ఒక్క ఎకనామిక్స్ పీహెచ్‌డీ ఉన్నా నా ఓటు జీఆర్ఈకే. ఒక్క స్కోరుతో రెండు వైపులా అప్లై చేసుకోవచ్చు.

స్కోరు ఇచ్చే తీరు కూడా ఎకనామిక్స్‌కి నప్పేదే. జీఆర్ఈలో వెర్బల్ (ఇంగ్లిష్), క్వాంట్ (లెక్కలు) దేనికది 130 నుంచి 170. ఎకనామిక్స్ అడ్మిషన్ కమిటీ ముందు చూసేది క్వాంటే; వెర్బల్ కాస్త తగ్గినా పెద్దగా పట్టించుకోరు. అయితే ఇక్కడో చిక్కుంది. లెక్కల్లో దిట్టలు ఎంతమంది రాస్తున్నారంటే, 170కి 170 తెచ్చుకున్నా 99వ పర్సంటైల్ రాదు, అంటే రాసినవాళ్లలో 99 శాతం మందిని దాటినట్టు కాదు. స్క్రీన్ మీదే క్యాలిక్యులేటర్ ఇస్తారు, ప్రశ్నలు హైస్కూల్ స్థాయివే, కానీ తొందరలో ఒకటి రెండు పోగొట్టుకుంటే పర్సంటైల్ గభాలున జారుతుంది. పైగా క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా ఇందులో అడగరు. వాటికోసం కమిటీ మీ డిగ్రీ మార్కులే చూస్తుంది. 170 వచ్చిందని ధీమాగా కూర్చోవడం తెలివైన పని కాదు.

ఇక ఎంబీఏ ఒక్కటే లక్ష్యమైతే జీమ్యాట్‌ని చిన్నచూపు చూడకండి. 2023 నవంబరులో వచ్చిన కొత్త రూపంలో వ్యాసం లేదు, సెంటెన్స్ కరెక్షన్ (వాక్యంలో తప్పు దిద్దడం) లేదు, క్వాంట్‌లో జామెట్రీ కూడా తీసేశారు. క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. మూడూ కలిపి 205 నుంచి 805 మధ్య ఒకే టోటల్ వస్తుంది. చివరి అంకె ఎప్పుడూ 5 ఉండటానికి కారణం పాత స్కోర్లతో కలగాపులగం కాకూడదనే. పాత 700కి పర్సంటైల్ లెక్కన సమానమైనది ఇప్పుడు దాదాపు 645. నాలుగేళ్ల కింద రాసిన సీనియర్ "700 దాటాల్సిందే" అంటే ఈ సంగతి గుర్తుపెట్టుకుని వినండి.

జీమ్యాట్ క్వాంట్‌లో క్యాలిక్యులేటర్ ఉండదు, డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రమే ఇస్తారు. ఈ డేటా ఇన్‌సైట్సే చాలామందిని ముంచుతోంది. టేబుళ్లు, గ్రాఫులు, రెండు మూడు ట్యాబుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న సమాచారం, 20 ప్రశ్నలు. అటు జీఆర్ఈ వెర్బల్‌లో ముంచేది పదసంపద. ఖాళీలు పూరించేటప్పుడు ఆ మాట ఎప్పుడూ విననిదైతే లాజిక్ ఎంత ఉన్నా సరైన ఆప్షన్ తేల్చుకోవడం కష్టం. నెలల తరబడి పదాల కార్డులు తిప్పడం మీవల్ల కాదనుకుంటే జీమ్యాటే మేలు.

రాసే పద్ధతిలోనూ తేడా ఉంది. జీఆర్ఈలో సెక్షన్ లోపల ముందుకీ వెనక్కీ ఇష్టంగా తిరగొచ్చు. మొదటి సెక్షన్ బాగా చేస్తే రెండోది కఠినంగా వస్తుంది. జీమ్యాట్‌లో ప్రశ్న ప్రశ్నకీ కఠినత్వం మారుతుంది, జవాబు పెట్టందే కదలనివ్వదు. సెక్షన్ చివర టైమ్ మిగిలితే మూడు జవాబులు మార్చుకోవచ్చు, అంతే. ఒక ప్రశ్న దగ్గర పట్టుపట్టి కూర్చునే అలవాటున్న వాళ్లకి ఇది నరకం.

జీఆర్ఈ గంటా 58 నిమిషాలు, జీమ్యాట్ రెండుంపావు గంటలు. ఆ తేడాని చూసి నిర్ణయించుకోకండి. రెండు స్కోర్లూ ఐదేళ్లు చెల్లుతాయి.

ఇంకా తేలకపోతే, రెండు పరీక్షలకీ అధికారిక మాక్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఏమీ చదవకుండా ఒకే వారంలో చెరొకటి రాయండి. వచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం కంటే, తప్పుల్లో ఎన్ని తెలియక పోయినవో, ఎన్ని టైమ్ చాలక పోయినవో విడిగా లెక్కేసుకోండి. టైమ్ చాలక పోయినవి ఎక్కువున్న పరీక్షే తీసుకోండి. అవి సాధనతో తిరిగొస్తాయి.