పాత సీసపు అక్షరాలకు ఏ పరీక్ష మేలు?

విజయనగరంలో మా మావయ్య ప్రెస్ మూసేసి చాలా ఏళ్ళయింది. టైపులు మాత్రం కేసుల్లో అలాగే ఉన్నాయి. వాటిలో ఏ లోహం ఎంతుందో తెలుసుకోవాలంటే మూడు దారులున్నాయి: నీళ్ళలో తూచడం, ఎక్స్‌రే మిషన్, ముక్క కోసి ల్యాబుకు పంపడం.

నీళ్ళ తూకానికి ఖర్చు లేదు. సీసం సాంద్రత నీటికి 11.34 రెట్లు. గట్టిదనం కోసం కలిపే ఆంటిమొనీ 6.7, పోత బాగా రావడానికి కలిపే తగరం 7.3. లెక్క తగ్గితే ఏదో కలిసిందని తెలుస్తుంది గాని, ఏది ఎంతో తేలదు. లోపల గాలిబుడగ ఉంటే అదీ తప్పే. సరదాకి సరే.

ఎక్స్‌రే మిషన్ కొత్తదేం కాదు, బంగారం కొట్లలో క్యారెట్లు చూసేది ఆ జాతిదే. కిరణం తగిలితే ప్రతి మూలకం తనదైన శక్తితో ఎక్స్‌రే తిరిగి విడుస్తుంది, దాన్నిబట్టి అది ఏ మూలకమో మిషన్ చెప్పేస్తుంది. టైపుకు గీత కూడా పడదు. కాకపోతే నగల మిషన్‌ని బంగారం లెక్కకు సరిచేసి ఉంచుతారు, సీసం అంకెలకు దాన్ని నమ్ముకోకండి.

అసలు చిక్కు వేరే ఉంది. మా కేసులోంచి ఒక 'క' వత్తు తీసి చూశాను. మొహం (అచ్చు పడే వైపు) మీద ఎండిన సిరా, కాలి (అడుగు) దగ్గర తెల్లటి పొడి. చెక్క కేసులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం అలా పూస్తుంది (ఊదకండి, అది విషం. చేతులు కడుక్కోండి). సీసంలో ఎక్స్‌రే పరీక్ష వెంట్రుక మందమంత లోతు కూడా చూడలేదు. పొడి మీద పెడితే పొడి సంగతే చెబుతుంది. పైగా ఆర్సెనిక్ విడిచే ఎక్స్‌రే శక్తి 10.54, సీసం విడిచేది 10.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, రెండూ దాదాపు ఒకటే. కొంచెం ఆర్సెనిక్ ఉందని వస్తే వెంటనే నమ్మేయకూడదు.

కచ్చితంగా కావాలంటే కోయడమే. ముక్కను నునుపు చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే ఆంటిమొనీ పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. ఆ మాట చెబితే మా పాత కంపోజిటర్ (అక్షరాలు పేర్చేవాడు) "అచ్చరాన్ని కోసేస్తారేటి బాబూ?" అని, విరిగిన టైపులు పడేసే డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

నా ఓటు ఎక్స్‌రేకే. కాలి దగ్గర కాస్త గీకి, శుభ్రమైన లోహం మీద చూడాలి. కోత ఆ డబ్బాలోవాటికే. ఉక్కు పంచ్‌లు (అక్షరం చెక్కిన కడ్డీలు), రాగి మాత్రికలు (వాటితో గుద్ది చేసిన అచ్చులు) దొరికితే మాత్రం కత్తి దగ్గరికి తేవద్దు.

ఫలితంతో పోత రకం కొంత ఊహించవచ్చు. లైనోటైపుకు (వరస మొత్తం ఒకే ముక్కగా పోసే మిషన్) 12 శాతం ఆంటిమొనీ, 4 శాతం తగరం దగ్గర వాడేవారు, అది 240 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చేత్తో పేర్చే టైపులో ఆంటిమొనీ ఇంకా ఎక్కువ. వయసు మాత్రం ఏ మిషన్నీ అడగకండి. అరిగిన టైపుని తూకానికి ఇచ్చి కొత్తది తెచ్చుకునేవాడు మావయ్య. ఆ పాతదే మళ్ళీ కరిగి ఇంకో ప్రెస్సులో 'శ్రీ' అయ్యేది.