వాడీ రమ్‌లో ఒంటె ట్రెక్, రాత్రి క్యాంపు బుక్ చేసుకునేవాళ్ళు జాగ్రత్త

జోర్డాన్ వెళ్తూ అక్కడి ఎడారి ప్రాంతమైన వాడీ రమ్‌లో ‘ఒంటె ట్రెక్, బెదూయిన్ (ఎడారి తెగ) గైడు, ఎడారిలో రాత్రి బస’ ప్యాకేజీ కొంటున్నారా? దుబాయ్, కువైట్‌లలో ఉండి మూడు నాలుగు రోజుల సెలవుకి పిల్లాపాపలతో బయల్దేరే మనవాళ్ళు ముఖ్యంగా ఇది చదవండి. ప్యాకేజీలో ‘ఒంటె’ అని ఉంటే చాలదు, ఎన్ని గంటలో రాసి ఉండాలి.

అసలు మోసం అక్కడే జరుగుతుంది. ప్రకటన నిండా ఇసుకలో ఒంటెల వరస కనిపిస్తుంది. తీరా వెళ్ళాక క్యాంపు వెనకాల 20 నిమిషాలు తిప్పి దింపేస్తారు, మిగతా పొద్దంతా పికప్ జీపు వెనక బెంచీ మీదే. అడిగితే ‘ఒంటె సవారీ అన్నాం, చేయించాం కదా’ అంటారు. ఒంటెది మనిషి నడకే, గంటకి 4-5 కిలోమీటర్లు. మూడు గంటల్లో 12-15 కిలోమీటర్లు దాటదు. అందుకే లారెన్స్ ఊట, ఖజలీ ఇరుకు లోయ, ఉమ్ ఫ్రూత్ రాతి వంతెన అన్నీ సగం రోజులో ఒంటె మీదే చూపిస్తామని ఎవరైనా రాస్తే నమ్మకండి, అది జీపు తిరిగే దారి. ‘ఎక్కే చోటు, దిగే చోటు, జీను మీద ఎంతసేపు’ అని అడిగి, జవాబు మెసేజ్‌లోనే తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎందుకూ పనికిరాదు.

అలాగని ఎక్కువ గంటలు అడగడమూ తెలివి కాదు. జీనుకి రికాబులు ఉండవు, కాళ్ళు వేలాడుతూ ఉంటాయి. మొదటిసారి ఎక్కేవాళ్ళకి రెండు గంటలు దాటాక తొడలు ఒరుసుకుపోతాయి. మందపాటి పొడుగు ప్యాంటు తప్పనిసరి. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్ళు లేపుతుంది, కూర్చునేటప్పుడు ముందు మోకాళ్ళు వంచుతుంది. రెండుసార్లూ మనం ముందుకే తూలతాం కాబట్టి జీను కొమ్ము గట్టిగా పట్టుకుని వెనక్కి వాలాలి. ఈ ముక్క చెప్పకుండా పిల్లల్ని ఎక్కించే మనిషి గైడు కాడు. జీను కింద పుండ్లున్నా, కుంటుతున్నా ఆ ఒంటె ఎక్కకండి, వేరేది అడగండి.

రెండోది క్యాంపు ఉండే చోటు. యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది వాడీ రమ్ రక్షిత ప్రాంతాన్ని. పేరులో ‘వాడీ రమ్’ పెట్టుకున్న క్యాంపులు కొన్ని దాని బయట, పక్కనున్న డీసీ ఊరి వైపు ఉంటాయి. డీసీ చెడ్డదని కాదు, ముసలివాళ్ళతో వెళ్తే అదే సుఖం. కానీ నిశ్శబ్దమైన ఎడారి కావాలని డబ్బు కట్టి, బస్సులు, దీపాలు, పాటల మధ్య పడుకోవడం అన్యాయం. మ్యాప్‌లో లొకేషన్ పంపమనండి. దాటవేస్తే వదిలేయండి.

గదికి మరీ తక్కువ ధర కనిపించిందంటే మిగతాది టూరులో లాగుతారని అర్థం. టూరు కొనకపోతే జీపు రాదంటారు, జీపు లేకపోతే ఇసుకలో క్యాంపుకి చేరలేరు. వాడీ రమ్ గ్రామం నుంచి రానూపోనూ జీపు, రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. అంకె డాలర్లలో చెప్పి, అక్కడ అదే అంకె జోర్డాన్ దినార్లలో అడుగుతారు. దినార్ అంటే దాదాపు 1.41 డాలర్లు, 60 డాలర్ల బేరం 60 దినార్లయితే 85 డాలర్ల దగ్గర తేలుతుంది. ప్రవేశ రుసుము మనిషికి 5 దినార్లు, జోర్డాన్ పాస్ (పర్యాటకులు ముందే కొనే ఉమ్మడి టికెట్) ఉన్నవాళ్ళు మళ్ళీ కట్టక్కర్లేదు. నగదు దగ్గరి పట్నం అకబాలోనే తీసి పెట్టుకోండి.

దారిలో, విజిటర్ సెంటర్ దగ్గర ‘మీ క్యాంపువాణ్ణే, నా వెనక రండి’ అని ఎదురొచ్చేవాళ్ళుంటారు. బుక్ చేసింది ఎవరి పేరు మీదో అడగండి. చెప్పలేకపోతే కదలొద్దు, మీ దగ్గరున్న నంబరుకే ఫోన్ చేయండి.

శాకాహారులకి ఒక మాట. రాత్రి భోజనం జర్బ్, అంటే ఇసుకలో పాతిన పొయ్యిలో నిప్పుల మీద వండేది. కోడి, గొర్రె మాంసం, కూరగాయలు అంతస్తులున్న ఒకే జాలీలో దిగుతాయి, మాంసం కొవ్వు బంగాళాదుంపలకి అంటొచ్చు. ‘వెజ్ ఉంది’ అంటే ఆ దుంపలే కావచ్చు. వేరే గిన్నెలో వండమని ముందురోజే చెప్పండి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి సున్నా దగ్గరికి దిగుతుంది. మనిషికి ఎన్ని దుప్పట్లో అడగండి. వాన సూచన ఉంటే ఇరుకు లోయల్లోకి వెళ్ళొద్దు, వరద ఒక్కసారిగా వస్తుంది.

చెప్పినదానికీ ఇచ్చినదానికీ పొంతన లేకపోతే అక్కడే మిగతా డబ్బు ఆపి, విజిటర్ సెంటర్‌లో ఫిర్యాదు చేయండి. అధికారిక ధరల బోర్డు కూడా అక్కడే ఉంటుంది, ఫొటో తీసుకోండి. కార్డుతో కట్టినవాళ్ళు ప్రకటన, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచి ఉంచండి, బ్యాంకు మొదట అడిగేది వాటినే.