బరంపురం పాత పుస్తకాల కొట్టు: నౌకాదళ ప్రభువుల అర

ఇంగ్లిష్ నౌకాదళ చరిత్ర వెతికేవాళ్లకు బరంపురంలోని ఈ కొట్టు పనికొస్తుంది. సర్దిన తీరు మాత్రం అధ్వాన్నం. బిరుదుల వారీగా పేర్చారు, దాంతో ఒకే మనిషి రెండు అరల్లో తేలతాడు. 1692లో ఫ్రాన్స్ తీరంలోని బార్‌ఫ్లూర్ దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించిన ఎడ్వర్డ్ రసెల్ ఒకచోట, 1697లో ఆర్‌ఫర్డ్ ఎర్ల్ అయిన అదే రసెల్ ఇంకోచోట. ఇంటిపేరు చెప్పి అడగండి. అడ్మిరల్ రిచర్డ్ హౌ సంగతి మరీ తికమక: 1758లోనే వైకౌంట్ అనే ప్రభు బిరుదు, అయినా 1782 దాకా డార్ట్‌మత్ తరఫున దిగువ సభ కామన్స్‌లో సభ్యుడు. అచ్చుతప్పు అనుకోకండి. అది ఐర్లండ్ బిరుదు, దానితో బ్రిటన్ లార్డ్స్ సభలో చోటు రాదు.

కొనేముందు మడత పటాలు విప్పి చూడాలి, మడతలు కలిసేచోటే చిరుగుతాయి. హౌ ఫ్రెంచివాళ్లను ఓడించిన 1794 జూన్ 1 నాటి యుద్ధపటం ఊడిపోయిన హౌ సంపుటానికి సగం ధర కూడా ఎక్కువే. బూజు వాసన వస్తే నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో అట్ట వంకరపోతుంది.

బైండింగ్‌కి వంక పెట్టలేం. మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు కాబట్టి పురుగు బెడద తక్కువ. చిరుగులకు సెల్లో టేపు వేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, కొన్నేళ్లకు పసుపెక్కి కాగితం మీద మరక వదులుతుంది. తెలుగులో అడిగితే చాలు, ఒడియా రాకపోయినా పని జరుగుతుంది.