అమ్మ ఎత్తకుండానే ఎత్తేసుకునే ఫోను: ఎనిమిది నెలల వాడకం తర్వాత

అమ్మ కోసం వీడియో కాల్స్‌కి పనికొచ్చే టాబ్లెట్ ఒకటి కొన్నాను. కొన్న మూడో వారం ఒక సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేశాను. ఈ డివైస్‌లో ఆటో ఆన్సర్, అంటే ఎవరూ ఎత్తకపోయినా కాల్ దానంతటదే కలిసిపోవడం, ఉంటుంది కాబట్టి రెండు రింగులకే కాల్ కలిసింది, కానీ తెర మొత్తం చీకటి. "అమ్మా, అమ్మా" అని నాలుగుసార్లు పిలిచినా జవాబు లేదు. గుండె జారిపోయి పక్కింటి ఆవిడకి ఫోన్ చేసి పరిగెత్తిస్తే తేలిందేంటంటే, అమ్మ దాని మీద తుండు కప్పి పక్క గదిలో హాయిగా పడుకుంది. తర్వాత నా మీద విరుచుకుపడింది. "నేను జడేసుకుంటుంటే చెప్పాపెట్టకుండా గోడ మీంచి మాట్లాడతావు, ఇల్లనుకున్నావా స్టేషనా?"

ఆ మాటతోనే ఈ రివ్యూ సగం అయిపోయినట్టే, అయినా మిగతాది కూడా చెప్తాను, ఎందుకంటే ఇది పూర్తిగా చెడ్డ వస్తువు కాదు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే బాపతువి ఇప్పుడు చాలా వస్తున్నాయి, నేను చెప్పేవి దాదాపు అన్నిటికీ అడగాల్సిన ప్రశ్నలే.

వస్తువు ఏంటంటే, పది అంగుళాల టాబ్లెట్, స్టాండ్‌తో సహా. తెర మీద ఎనిమిది మంది ఫొటోలు పెద్దగా ఉంటాయి, ఎవరి మొహం నొక్కితే వాళ్లకి కాల్ వెళ్తుంది. లోపలే సిమ్ ఉంది కాబట్టి వైఫై గోల లేదు. కాల్స్ లేనప్పుడు మనం పంపిన ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. దీన్ని నడిపే యాప్ మాత్రం మన ఫోన్లో ఉంటుంది, నెలనెలా చందా కట్టాలి. "పెద్దవాళ్లకి ఒంటరితనం పోగొట్టే స్నేహితుడు" అని పెట్టె మీద రాసి ఉంది. కొన్నది నేనే కాబట్టి ఆ మాటకి పడిపోయింది కూడా నేనే. అమ్మకి డెబ్భై ఆరు, ఒక్కతే ఉంటుంది, స్మార్ట్ ఫోన్ ఉన్నా "అందులో ఏది ఎక్కడ నొక్కితే ఏమవుతుందో" అని ఎత్తడం, పెట్టెయ్యడం తప్ప ఇంకేం చేసేది కాదు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. సౌండ్ అద్భుతం. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి, పై స్థాయి శబ్దాలని తినేస్తుంది. అంటే అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి, స, ష, ఫ లాంటివి జారిపోతాయి. అందుకే పెద్దవాళ్లు "వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు, మనమేమో ఇంకా గట్టిగా అరుస్తాం, దాంతో పెద్దగా లాభం ఉండదు. పాతకాలం టెలిఫోన్ లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసేవి, ఆ జారిపోయే శబ్దాల్లో చాలా భాగం ఆ గీత పైనే ఉంటుంది. ఇందులో శబ్దం విశాలంగా వస్తుంది, స్పీకర్ వెనక్కో కిందికో కాకుండా మొహం వైపే ఉంది, పైగా పెదాలు కనిపిస్తాయి. మొదటి రోజు అమ్మ "నీ గొంతుకి జలుబు చేసిందేంటి" అంది. ఫోన్లో అయితే రెండేళ్లుగా నా జలుబు ఆవిడకి తెలిసిన పాపాన పోలేదు.

అక్షరాలు, బటన్ల సైజు కూడా బాగున్నాయి. చూపూ కదలికా సరిగ్గా లేనివాళ్లు కూడా వాడగలిగేలా వెబ్ పేజీల కోసం పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 2023లో వచ్చిన 2.2 వెర్షన్ నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలంటుంది, ఇంకా కఠినమైన స్థాయిలో 44. ఇక్కడ బటన్ ఏకంగా బొటనవేలంత ఉంది. అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని కూడా అదే ప్రమాణం. ముందు తెరలో అది చక్కగా పాటించారు, సెట్టింగ్స్‌లోకి వెళ్తే మాత్రం తెల్లటి దాని మీద లేత బూడిద రంగు అక్షరాలు. పెద్దవాళ్లు అక్కడికి రారని నమ్మకం కాబోలు!

ఇక అసలు గోల టచ్‌తో. వయసు పెరిగాక వేలి కొసలు ఎండిపోతాయి, చర్మం పొడిబారితే టచ్ తెరలు సరిగ్గా పట్టుకోవు, ఎందుకంటే అవి నొక్కుడుని కాదు, వేల్లోంచి అందే చిన్నపాటి విద్యుత్ మార్పుని పసిగడతాయి. అది తెలియని మనిషి ఏం చేస్తుంది? గట్టిగా నొక్కుతుంది, నొక్కి పట్టుకుంటుంది. నేను పక్కన కూర్చుని చూశాను. పిన్ని ఫొటో మీద చూపుడు వేలు పెట్టి, కదలకపోతే పెదవి బిగించి, తలుపు తోసినట్టు తోసింది. నొక్కి పట్టుకుంటే ఈ డివైస్‌లో ఎడిట్ మెనూ తెరుచుకుంటుంది. అందులో ఎర్రటి బటన్ పెద్దగా ఉంది కాబట్టి అదే కాల్ అనుకుని నొక్కేసింది. పిన్ని మాయం. "ఒసే, పిన్నిని పీకేశానే" అని బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. ఆ తర్వాత రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎంతసేపు పట్టుకుంటే లాంగ్ ప్రెస్ అవుతుందో మార్చుకోవచ్చు, ఐఫోన్లలో వేలు ఎంతసేపు పెడితే టచ్ కింద లెక్కెయ్యాలో మార్చుకునే టచ్ అకామడేషన్స్ అని ఉంది. పెద్దవాళ్ల కోసమే చేశామన్న ఈ వస్తువులో అది లేదు. రబ్బరు కొస ఉన్న స్టైలస్ ఒకటి కొనిచ్చాక సమస్య తీరింది. పెట్టెలోనే ఒకటి వేసి ఇస్తే వాళ్ల సొమ్మేం పోయేది?

కస్టమర్ కేర్ గురించి ఒక్క ముక్క. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని గడగడా చదివేస్తుంది, అమ్మ కళ్లజోడు వెతుక్కునేలోపు లైన్ కట్.

ఇప్పుడు ఆటో ఆన్సర్ సంగతి. దీన్ని గొప్ప సౌకర్యంగా అమ్ముతున్నారు, మంచం మీదున్న మనిషికో, చేతులు కదపలేని మనిషికో నిజంగా గొప్పదే, ఆ మాట కాదనను. కానీ మా అమ్మ లేచి తిరిగే మనిషి. ఎవరో తలుపు కొట్టకుండా ఇంట్లోకి వచ్చేసినట్టు ఉంటుంది ఆవిడకి. నాకు చిరాకు తెప్పించింది వేరే. ఆ ఆప్షన్ ఆపేసే మీట డివైస్ మీద లేదు, నా యాప్‌లో ఉంది. డిఫాల్ట్‌గా ఆన్ చేసి ఉంది. అంటే అమ్మ ఇంట్లో కెమెరా ఎప్పుడు తెరుచుకోవాలో నేను నిర్ణయిస్తాను, అమ్మకి మిగిలింది తుండుగుడ్డ. కెమెరా మీద జరిపే చిన్న మూత పెట్టడం అంత కష్టమా? చవకరకం లాప్‌టాప్‌లకే ఉంటోంది.

అదొక్కటే అనుకుంటే పొరపాటు, మొత్తం తయారీ అంతా ఆ ఆలోచనతోనే ఉంది. కొత్త మనిషిని ఆ ఎనిమిది ఫొటోల్లో కలపాలంటే నా యాప్ నుంచే కలపాలి, ఓటీపీ నాకే వస్తుంది. పొద్దున నడకలో పరిచయమైన ఒకావిడని కలుపుకుంటానని అమ్మ అడిగింది. నేను పనిలో పడి మర్చిపోయాను. రెండోసారి అడిగింది, సరే సరే అన్నాను. మూడోసారి అడగలేదు. పది రోజుల తర్వాత నాకే గుర్తొచ్చి కలిపితే, "నా స్నేహితురాలితో మాట్లాడటానికి నీ పర్మిషన్ కావాల్సి వచ్చింది చూడు" అని నవ్వేసింది. ఆ నవ్వు నాకు ఇంకా గుచ్చుకుంటోంది. మోసగాళ్ల కాల్స్ రాకుండా ఇలా పెట్టామంటారు. ఒప్పుకుంటాను, ఆ భయం నిజమే. కానీ తెలియని వాళ్లు లోపలికి రాకుండా ఆపడం వేరు, ఆవిడ బయటికి పిలవకుండా ఆపడం వేరు కదా.

యాప్ నాకు వారం వారం రిపోర్ట్ కూడా పంపుతుంది. "ఈ వారం మీ అమ్మగారు 14 సార్లు కనెక్ట్ అయ్యారు" అని, పక్కన ఆకుపచ్చ టిక్కు. ఓపిగ్గా లెక్కేస్తే అందులో పదకొండు నావే, ఆఫీసు మధ్యలో ఒకటి రెండు నిమిషాలు "తిన్నావా, మందులేసుకున్నావా, సరే ఉంటా" అనే రకం. ఒంటరితనాన్ని కొలవడానికి పరిశోధకులు బాగా వాడేది యూసీఎల్ఏ స్కేలు అనే ప్రశ్నల పట్టిక, 1978లో వచ్చింది. అందులో ఎన్ని కాల్స్ వచ్చాయని అడగరు. తనని అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారనిపిస్తోందా, వదిలేసినట్టు అనిపిస్తోందా, ఇలాంటివి అడుగుతారు. చుట్టూ మనుషులు లేకపోవడం ఒకటి, లేరనిపించడం ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం ఉందని చెబుతూ ఈ రెండిటినీ విడివిడిగానే చూసింది. ఆ ఆకుపచ్చ టిక్కు ఎవరి కోసమో నాకు బాగానే అర్థమైంది. అమ్మ కోసం కాదు, నా గిల్టీ ఫీలింగ్ కోసం.

అసలు మలుపు ఐదో నెలలో వచ్చింది. ఆ నడక స్నేహితురాలు, ఇంకో ఇద్దరు కలిసి రోజూ సాయంత్రం ఐదింటికి గళ్ల నుడికట్టు నింపుతారట, అమ్మని కూడా రమ్మన్నారు. ఈ డివైస్‌లో ఒక కాల్‌కి ముగ్గురే, వీళ్లు నలుగురు. అమ్మ నన్ను అడగలేదు. మూల పడేసిన స్మార్ట్ ఫోన్ తీసి, ఆ స్నేహితురాలి దగ్గర కూర్చుని గ్రూప్ కాల్‌లో చేరడం నేర్చుకుంది. నాలుగు మెట్లు ఒక కాగితం మీద తన అక్షరాలతో రాసుకుని ఫోన్ కవర్‌లో పెట్టుకుంది, మూడో మెట్టు దగ్గర "కంగారు పడకు" అని కూడా రాసుకుంది. అన్నేళ్లుగా నేను నేర్పలేనిది వారంలో వచ్చేసింది. అక్కడ ఆవిడ కోసం ఎదురుచూసే మనుషులున్నారు, పాత మాటలకి అర్థాలు ఆవిడకే ఎక్కువ తెలుసు, ఒక రోజు చేరకపోతే "ఏమైంది" అని వాళ్లే ఫోన్ చేస్తారు. నా కాల్స్‌లో మాత్రం ఆవిడ ఎప్పుడూ జవాబులు చెప్పే మనిషే.

కాబట్టి కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లు మంచం దిగలేని స్థితిలో ఉంటే, లేదా మతిమరుపు బాగా ముదిరితే కొనండి, సౌండ్ కోసమైనా కొనండి, కాకపోతే ఆటో ఆన్సర్ పెట్టేముందు వాళ్లని ఒక్క మాట అడగండి. తిరిగే మనిషైతే ఉన్న ఫోన్నే సులువు చేసి చూడండి ముందు. ఐఫోన్ అయితే 2023లో ఐఓఎస్ 17తో అసిస్టివ్ యాక్సెస్ అని వచ్చింది, ఎంచుకున్న నాలుగైదు పనులు మాత్రమే పెద్ద బటన్లుగా కనిపిస్తాయి. ఇంకో సంగతి, కంపెనీ సేవ ఆపేస్తే ఈ డివైస్ ఏమవుతుందో కొనేముందే అడగండి. ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటా తన పోర్టల్ వీడియో కాలింగ్ డివైస్‌లని 2022లో మామూలు జనానికి అమ్మడం మానుకుంది, అంత అలవాటైన స్కైప్ 2025 మే నెలలో మూతపడింది. మనం ఇంకో యాప్‌కి మారిపోతాం, ఎనిమిది ఫొటోలకి అలవాటు పడ్డ మనిషికి మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. రెండు సౌండ్‌కి, ఒకటి ఫొటోలకి.

ఆటో ఆన్సర్ ఆపేశాను, తుండు అల్మారాలోకి వెళ్లిపోయింది. నిన్న సాయంత్రం ఐదుంపావుకి కాల్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఐదు నిమిషాలకి ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల ఎవరో పకపకా నవ్వుతున్నారు. "ఇంకా ఆరు గళ్లున్నాయే, ఆరింటికి చెయ్యి."