చవక తుపాకీ, ఖరీదైన తూటా: ఇషాపూర్ 2ఏ1 ఏళ్ల తరబడి వాడాక

హ్యూస్టన్‌లో మా ఇంటి ఇనప లాకర్లో రెండు మిలిటరీ సర్‌ప్లస్ రైఫిళ్లున్నాయి, అంటే సైన్యాలు వదిలించుకున్న పాతవి. ఒకటి రష్యా మోసిన్ నాగాంట్ 91/30, రెండోది మన ఇషాపూర్ 2ఏ1. రెండూ చవగ్గా దొరికే రోజుల్లో కొన్నవే. ఇప్పుడు తుపాకీ కాల్చే రేంజికి బయల్దేరితే చెయ్యి రెండోదాని మీదకే పోతుంది. మనదేనన్న మమకారం కొంత ఉంది, కాదనను. కానీ అసలు కారణం తూటా.

మోసిన్ సంగతి ముందు చెప్పేస్తాను. 1891 నాటి డిజైను. కోట్ల సంఖ్యలో చేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సోవియట్ ఆయుధాగారాల్లో వాటిని బాగుచేసి, గ్రీజు దట్టంగా పూసి, పెట్టెల్లో పేర్చి దాచిపెట్టారు. సోవియట్ యూనియన్ కూలాక ఆ పెట్టెలు అమెరికా దుకాణాలకు చేరాయి. నేను కొన్నప్పుడు 100 డాలర్లలోపే. తూటాలు 440 పట్టే సీలు వేసిన రేకు డబ్బాల్లో వచ్చేవి, అవి తుపాకీ కంటే చవకనిపించేవి. బాగా కాల్చాను, అబద్ధమెందుకు. దాని బోల్టు, అంటే తూటా ఎక్కించడానికి చేత్తో వెనక్కీ ముందుకీ లాగే ఉక్కు కడ్డీ, మాత్రం మొండిది. గొట్టం వేడెక్కితే, గొట్టంలో తూటా కూర్చునే గదిలో పాత తూటాల పైపూత లక్క అంటుకుని ఉంటే, అరచేత్తో గట్టిగా కొట్టందే తెరుచుకోదు.

ఇంకో బాధ, ఆ పాత తూటాల ప్రైమర్లో, అంటే తూటా అడుగున మందును అంటించే చిన్న మూతలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది, ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. హ్యూస్టన్ ఉక్కపోతలో రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. నూనె గుడ్డతో ఎంత తుడిచినా లాభం లేదు, ఉప్పు నూనెలో కరగదు. కెటిల్‌తో మరిగే నీళ్లు గొట్టంలో పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. మా ఆవిడ ఆ కెటిల్‌ని వంటింట్లోకి రానివ్వడం మానేసి చాలా కాలమైంది. తర్వాత ఆ సర్‌ప్లస్ డబ్బాలు కరువయ్యాయి. 2021లో రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఇవ్వడం అమెరికా ఆపేసింది. మిగతా దేశాల్లో చేసిన కొత్త తూటా కొంటే చవక అన్న మాటే మర్చిపోవాలి. మోసిన్ ఇప్పుడు దాదాపు అలంకారమే.

ఇక ఇషాపూర్. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. 1962లో చైనాతో యుద్ధం నాటికి మన సైన్యం చేతిలో ఉన్నది పాత త్రీనాట్‌త్రీ, అంటే .303 తూటా పేల్చే బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. తర్వాతి తూటాను తామే ఎక్కించుకునే సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు అందరికీ అందేలోపు ఏదో ఒకటి కావాలి కాబట్టి, అదే లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో, ఇంకా గట్టి ఉక్కుతో, నేటో దేశాల సైన్యాలు వాడే 7.62 నేటో తూటా పట్టేలా దీన్ని చేశారు. మొదట వచ్చింది 2ఏ, వెనక గురి పట్టీ మీద అంకెలు 2000 మీటర్ల దాకా ఉండేవి. 2ఏ1లో దాన్ని 800కి కుదించారు. నా రైఫిల్ బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) దగ్గరి ఇనప పట్టీ మీద ఆర్.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు, దాని పేరు, 1967 సంవత్సరం కొట్టి ఉన్నాయి.

పోలీసు కానిస్టేబుల్‌గా రిటైరైన మా బాబాయికి వీడియో కాల్లో చూపించాను. "ఒరేయ్, ఇది మా త్రీనాట్‌త్రీ కదరా! డబ్బుపోసి కొన్నావా?" అని నవ్వాడు. ఒక్క క్షణం ఆగి, "మేగజైన్ ఏంటి, డబ్బాలా నలుచదరంగా ఉంది?" అన్నాడు. చూపంటే అదీ. త్రీనాట్‌త్రీకి 10 పట్టే వాలు మేగజైన్, దీనికి 12 పట్టే చదరపు మేగజైన్. దూరం నుంచి రెంటికీ తేడా చెప్పేది అదొక్కటే. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే రోజున. అంతకాలం నిలిచిందంటే ఆ యంత్రంలో సత్తువ ఉన్నట్టే.

ఇంటికొచ్చినప్పుడు నాది గ్రీజులో ముంచి తీసినట్టుంది. ఆవకాయ జాడీ కింద ఏళ్లతరబడి పేరుకున్న జిడ్డు గుర్తుకు తెచ్చుకోండి, అలాంటిది. ఇనప భాగాలకు పెయింటు పలుచన చేసే మినరల్ స్పిరిట్స్ సరిపోయింది. చెక్క దగ్గరే ఓపిక కావాలి. నల్ల చెత్త సంచిలో చుట్టి, జూలై ఎండలో కారు వెనక అద్దం కింద పెట్టేవాణ్ణి. సాయంత్రానికి చెక్క గోధుమ రంగు చెమట కక్కేది. తుడవడం, మళ్లీ పెట్టడం. కారులో ఆ వాసన దీపావళి దాకా పోలేదు.

మొదట్లో దీని గురి నిలకడగా ఉండేది కాదు. 100 గజాల్లో ఒకసారి గుత్తిగా, ఇంకోసారి చెల్లాచెదురుగా. గొట్టం అరిగిందేమోనని భయపడి ఊళ్లో పాత తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయనకి చూపించాను. గొట్టంలో దీపం వేసి చూసి, "ఇది బాగానే ఉంది" అని, గొట్టం కింద ఉండే ముందు వైపు చెక్కను విప్పదీశాడు. పేల్చినప్పుడు వచ్చే తోపు చెక్కలో రెండు చోట్ల ఆనాలి. చెక్క ఎండి కుంచించుకుపోవడంతో అక్కడ కాగితమంత సందు ఏర్పడింది. పల్చటి ఇత్తడి రేకు ముక్కలు కత్తిరించి ఆ రెండు చోట్లా పెట్టాడు. అంతే, ఇప్పుడు మూడు నాలుగు అంగుళాల్లో పడుతోంది. ఇనప గురితో, నా కళ్లతో, అంతకన్నా ఆశించను. చెక్క పగలకుండా మేగజైన్‌కు ముందు అడ్డంగా బిగించిన ఒక మర ఉంటుంది, దాన్ని ఊరికే కెలకొద్దని కూడా చెప్పాడు.

అందుకే ఈ మోడల్ నమ్మకమైనదా, ఆ మోడల్ కాదా అని అడిగితే నేను తిన్నగా జవాబు చెప్పను. డిజైను ఎలాగూ గట్టిదే, బురదలో సిపాయి చేతిలో పనిచేయడానికి వదులు వదులుగా చేసినవి. మీరు కొనేది మాత్రం డిజైను కాదు, యాభై అరవై ఏళ్లు ఎవరెవరి చేతుల్లోనో నలిగిన ఒక్క తుపాకీ. గొట్టం మూతి అంచు సొట్టపోయిందా, లోపలి గాడులు పదునుగా ఉన్నాయా, బోల్టు మీదా బాడీ మీదా నంబర్లు ఒకటేనా, తూటా గది కొలత చూసే గేజ్ పెడితే సరిపోతోందా, ఇవి చూడకుండా డబ్బివ్వొద్దు.

బోల్టు గురించి చెప్పకపోతే దానికి అన్యాయం చేసినట్టే. మోసిన్‌లో పిడిని 90 డిగ్రీలు తిప్పాలి, ఇందులో 60 చాలు. బోల్టును బిగించి పట్టే లాకింగ్ లగ్గులు వెనక ఉండటంతో బోల్టు ప్రయాణం కూడా పొట్టి. గురి మీంచి కన్ను తీయకుండానే తర్వాతి తూటా ఎక్కించొచ్చు. భుజానికి మాత్రం సుఖం లేదు. బట్ చివరి పట్టీని సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌ది తెచ్చి పెట్టారు, దానికో గూని. పల్చటి చొక్కాతో వెళ్తే మర్నాడు తెలుస్తుంది. మొరాయించింది అరుదు. ప్రైమర్‌ని కొట్టే సూది, అంటే స్ట్రైకర్, స్ప్రింగు అలిసిపోయి కొన్ని తూటాలు పేలలేదు, కొత్త స్ప్రింగు వేశాక ఆ బెడద పోయింది.

తూటా విషయంలో ఒక జాగ్రత్త. బజారులో దొరికే .308 వించెస్టర్, 7.62 నేటో చూడ్డానికి ఒక్కటే, కానీ వాటి గదుల కొలతల్లో స్వల్ప తేడా ఉంది. ఈ రైఫిల్ మీద 7.62 అని కొట్టి ఉంది కాబట్టి నేను 147 గ్రెయిన్ల గుండు బరువున్న మిలిటరీ రకానికే కట్టుబడ్డాను. వేటకు చేసే బలమైన .308 దీనిలో పెట్టను. ఆ మిలిటరీ రకం ఇప్పటికీ ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి, పెద్ద దుకాణాల్లో దొరుకుతుంది, తుప్పు ప్రైమర్ గోల లేదు. చవకని మాత్రం అనలేం. రైఫిల్‌కి 200 డాలర్లు కూడా పెట్టలేదు, ఇన్నేళ్లలో తూటాల మీద పోసిన డబ్బు లెక్కేస్తే ఇలాంటివి ఎన్నొచ్చేవో. కాకపోతే కొనడానికంటూ దొరుకుతోంది కదా, మోసిన్‌కి ఆ భాగ్యమూ లేకుండా పోతోంది.

కొత్తవాటిలోనూ చవకవి ఉన్నాయి. ఒహాయోలో చేసే హై పాయింట్ పిస్టల్ జింక్ మిశ్రమ స్లైడుతో (పేల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగం) ఇటుకంత బరువు, చూడ్డానికి అనాకారి. చేతులు మారినా కంపెనీ జీవితాంతం వారంటీ ఇస్తుంది. రేంజిలో స్నేహితుడిది కాల్చాను, మొరాయించకుండా తూటాలు పేల్చింది. అంతకుమించి దాని మీద నాకు ప్రేమ పుట్టలేదు.

మన కుర్రాళ్లకి ఒక మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, లాయర్ని అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. నేను గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే కొన్నాను. ఇండియాలోనైతే ఈ 7.62 మామూలు లైసెన్సుకి రాదు, ఇషాపూర్ ఫ్యాక్టరీదే .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంది, అది ఇలాంటి బోల్టుదే.

ఇప్పుడు 2ఏ1 ధర నేను పెట్టినదానికి రెండు మూడింతలు చెబుతున్నారు. ఆ ధరకి కూడా మంచి గొట్టం ఉన్నది దొరికితే తీసుకోమనే అంటాను. మేగజైన్ లేకుండా అమ్ముతుంటే మాత్రం వద్దు. విడిగా దొరకడం కష్టం, త్రీనాట్‌త్రీది ఇందులో పనిచేయదు, దొరికినా తూటాను పట్టి ఉంచే దాని పై అంచులు వంగి ఉంటే తూటా సగంలో ఇరుక్కుంటుంది.