బీపీ బిళ్ళతో కాళ్ళు వాస్తే ఏది మేలు: నీరు దిగే బిళ్ళా, బీపీ బిళ్ళ మార్చడమా?

బెజవాడ ఎండల్లో సాయంత్రానికి పాదాలు పొంగి, చెప్పులు పట్టక, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందంటే, ఆ మనిషి వేసుకునే బీపీ బిళ్ళ పేరు ముందు చూడండి. ఆమ్లోడిపిన్ అయితే అనుమానం దాని మీదే. 5 మిల్లీగ్రాముల మోతాదుతో నూటికి ముగ్గురికి వచ్చే ఈ వాపు, 10 అయ్యేసరికి పదిమందికి పైగా వస్తుంది, అందులోనూ ఆడవాళ్ళకి ఎక్కువ. ఎండ దాన్ని ఇంకా పెంచుతుంది.

మనవాళ్ళు మొదట చేసేది మెడికల్ షాపుకెళ్ళి నీరు దిగే బిళ్ళ అడగడం, అంటే ఫ్యూరోసెమైడ్ లాంటిది. నా ఓటు దానికి అస్సలు లేదు. ఎందుకంటే ఇది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు. ఆమ్లోడిపిన్ రక్తం తెచ్చే సన్నటి ధమనులను వెడల్పు చేస్తుంది కానీ దాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే సిరలను అంతగా చేయదు. చేలోకి తూము బార్లా తెరిచి మురుగు కాల్వను అలాగే వదిలేస్తే నీరు నిలబడిపోయినట్టే, లోపలికొచ్చే ఒత్తిడి పెరిగి నీరు కండలోకి ఊరుతుంది. నీరు దిగే బిళ్ళ వేస్తే బాత్రూమ్ చుట్టూ తిరగడమే మిగులుతుంది, వాపు పెద్దగా తగ్గదు. పైగా మే నెలలో అసలే చెమటతో నీరు పోతున్న పెద్దాయనకి సోడియం, పొటాషియం పడిపోయి రాత్రిపూట లేవగానే కళ్ళు తిరిగి పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం. బార్లీ నీళ్ళ సంగతీ అంతే, తాగితే తాగండి, దీనికి మందు మాత్రం కాదు.

మరి ఏది? డాక్టరుగారిని అడగాల్సిన దారులు ముఖ్యంగా రెండు. 10 వేసుకుంటుంటే 5కి తగ్గించి, టెల్మిసార్టాన్ లాంటి వేరే రకం బీపీ బిళ్ళ కలపడం ఒకటి. ఇది సిరలను కూడా సడలిస్తుంది కాబట్టి ఆ ఒత్తిడి దిగుతుంది, బీపీ అదుపూ పోదు. నాకైతే మొదటి ఎంపిక ఇదే. మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూపించుకోవాలి, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళు రోజూ కొబ్బరిబోండం తాగే అలవాటు గురించి డాక్టరుకి చెప్పాలి, అందులో పొటాషియం బాగా ఉంటుంది. గర్భిణులకి ఈ మందు పనికిరాదు.

రెండోది సిల్నిడిపిన్‌కి మారడం. ఇదీ ఆమ్లోడిపిన్ కుటుంబం మందే, కానీ వాపు తక్కువ. ఇప్పటికే టెల్మిసార్టాన్ కలిపి వాడుతున్నా కాళ్ళు దిగనివాళ్ళకి ఇదే మంచిది. ఆమ్లోడిపిన్‌లో పనిచేసే భాగం మాత్రమే ఉండే ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాములు కూడా రాస్తారు, కొందరికి కలిసొస్తుంది.

బిగుతు సాక్సుల గురించి ఒక్క మాట: పని చేస్తాయి, కానీ రోహిణి కార్తెలో వాటిని తొడుక్కుని ఉండేదెవరండీ. కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోవడం నయం.

ఏం చేసినా బిళ్ళ సొంతంగా ఆపేయొద్దు, బీపీ ఎగబాకితే పక్షవాతం దాకా పోవచ్చు. ఇంకో సంగతి, రెండు కాళ్ళూ కాకుండా ఒక్క కాలే వాచి నొప్పి పెడితే అది రక్తం గడ్డ కావచ్చు. ఆయాసం వస్తే గుండె, పొద్దున్నే మొహం ఉబ్బితే కిడ్నీ చూడాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే వేరే రకం బీపీ బిళ్ళలు వాడేవాళ్ళకి పెదాలు, నాలుక వాస్తే అపాయింట్‌మెంట్ల కోసం ఆగకుండా ఆ క్షణమే ఎమర్జెన్సీకి. ఈ గుర్తులేవీ లేకపోతే మాత్రం టెన్షన్ అక్కర్లేదు. మందు మార్చిన మర్నాడే కాళ్ళు సన్నబడలేదని మళ్ళీ మెడికల్ షాపుకి పరిగెత్తకండి, ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి పోవడానికే రోజులు పడుతుంది, వాపు దిగడానికి వారం రెండు వారాలు పట్టొచ్చు.