ఖాళీ కుర్చీ వేరు, అమ్ముడుపోని కుర్చీ వేరు: తిరుపతి హాళ్లలో సీటు మారే సంగతి

లీలామహల్ సర్కిల్ అంటూ కూడలిని కూడా సినిమా హాలు పేరుతో పిలుచుకునే ఊరు మనది. అయినా హాల్లో దీపాలు ఆరగానే మంచి సీటు కోసం జరిగే వలసలో మాత్రం ఎర్రబస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరే పద్ధతే నడుస్తోంది. ఈ సమీక్షలో బొమ్మ బాగుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. తిరుపతిలో ఏసీ సింగిల్ స్క్రీన్లు, మల్టీప్లెక్సులు, సంగీత కచేరీలు జరిగే మహతి ఆడిటోరియం ఖాళీ సీట్ల విషయంలో ప్రేక్షకుణ్ని ఎలా చూసుకుంటున్నాయి, ప్రేక్షకుడు ఎలా నడుచుకోవాలి అన్నంత వరకే.

ముందు డబ్బు సంగతి. 2022 మార్చి 7 నాటి జీవో 13 కార్పొరేషన్ ఊళ్లలో ధరలను ఇలా కట్టింది: మల్టీప్లెక్సులో మామూలు సీటు 150, రిక్లైనర్ 250, ప్రత్యేక వసతులున్న హాల్లో కింది తరగతి 100, పై తరగతి 125. ఇవి పన్ను కలపని ధరలు. పెద్ద హీరో బొమ్మలకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతి తెచ్చుకుని ఇంకా పెంచుతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద దాకా ఉన్న టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, వంద దాటితే 18 శాతం. అంటే జీవో లెక్కన కింది టికెట్ 105 అయితే పైది 147.50. ‘పాతిక రూపాయల తేడానే కదా’ అని పైకెళ్లి కూర్చున్నవాడు ఎగ్గొట్టేది పాతిక కాదు, 42.50. మల్టీప్లెక్సులో మామూలు సీటు నుంచి రిక్లైనర్‌కు జారుకుంటే తేడా 118.

ఇది హాలు ఓనరుకే నష్టం అనుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ తరఫు మనిషి, హాళ్ల వాళ్ల మాటలో ‘రెప్’, వచ్చిన రోజున ఆట మొదలయ్యాక తరగతివారీగా తలలు లెక్కపెట్టి డీసీఆర్‌తో, అంటే ఆ రోజు టికెట్ల వసూళ్ల లెక్కతో, సరిచూస్తాడు. పై తరగతిలో ఆరు తలలు ఎక్కువ తేలితే నిలదీసేది గేటుమనిషిని. పాప్‌కార్న్ తింటున్న పెద్దమనిషిని ఎవరూ అడగరు. గేటు దగ్గర యాభై చేతిలో పెట్టి పైకెళ్లడం అందుకే అన్నిటికన్నా చెడ్డ దారి. తరగతి మారాలంటే ఆటకు ముందే కౌంటర్లో అడగాలి. తేడా తీసుకుని వేరే టికెట్ ఇస్తే సరి, లేదంటే కొన్న తరగతిలోనే కూర్చోవాలి.

ఒకే తరగతిలో మారడం వేరే విషయం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వేళ తెలిస్తే చాలు. ఆట మొదలయ్యే ముందు టికెట్ యాప్‌లో ఆ షో సీట్ల పటం తెరిచి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బూడిద రంగువి పోయిన సీట్లు, ఆకుపచ్చ గీతవి మిగిలినవి. పటాన్ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. కొన్ని హాళ్లు కౌంటర్ అమ్మకానికి వరసలకు వరసలే ఆపి పెడతాయి, అవి కూడా బూడిద రంగులోనే కనిపిస్తాయి. ఆకుపచ్చగా ఉన్నదాన్ని ఆట మొదలయ్యాక కూడా కౌంటర్లో అమ్మొచ్చు. కాబట్టి పటంలో మిగిలి ఉండి, ఇరవై నిమిషాల తర్వాత కూడా ఖాళీగా ఉన్న సీటే మారదగ్గ సీటు. పటంలో పోయిన సీటైతే విశ్రాంతి దాకా ఆగాలి.

పేర్లు పడుతుండగా మారేవాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. బైకు పార్కింగ్‌లో ఇరుక్కున్నవాళ్లు, టిఫిను ముగించుకుని వచ్చేవాళ్లు అప్పుడే తోసుకొస్తారు. విశ్రాంతి అయ్యాక, దీపాలు ఇంకా ఆరకముందు మారడం అన్నిటికన్నా శుభ్రం. మారితే ఒక్కసారే మారాలి. మూడు సీట్లు రుచి చూసేవాడికి హాలంతా శత్రువులే. రిలీజు రోజు, ఆదివారం ఫస్ట్ షో అయితే ఈ ఆలోచనే వద్దు. మంగళ, బుధవారాల మ్యాట్నీలు దీనికి అనువు.

అసలు ఆ సీటు మెరుగైనదేనా? తెర పై అంచు చూడటానికి చూపు 35 డిగ్రీలకు మించి ఎత్తాల్సి వస్తే మెడ పట్టేస్తుందని సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఎమ్‌పీటీఈ మార్గదర్శకం. ముందు రెండు మూడు వరసల నుంచి వెనక్కి పోవడంలో అర్థముంది. తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో, మధ్య గీత మీద సౌండు సరిగ్గా కుదురుతుంది. గోడ పక్కకు జరిగే కొద్దీ ఆ గోడ స్పీకరు మిగతావాటిని మింగేస్తుంది. బాల్కనీ ఉన్న పాత హాళ్లలో చాలామంది పొరబడేది కింది తరగతి చివరి వరసల దగ్గర. వెనక అని ఎగబడతారు గానీ బాల్కనీ కిందికి వెళ్లేసరికి శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు మందగిస్తుంది. దానికన్నా బాల్కనీ అంచుకు రెండు వరసలు ముందున్న సీటు నయం. ఇంకొకటి: నిండిన హాల్లో నడిమధ్య ఒక్క కుర్చీ ఖాళీగా ఉందంటే అదృష్టం అనుకోకండి. అడుగు విరిగి ఉంటుంది, లేదా పైన ఏసీ నీళ్లు కారుతుంటాయి. ఫోను లైటు నేలకేసి పట్టుకుని, చేత్తో తడిమి చూసి కూర్చోండి. (కొండ దిగి నేరుగా హాలుకొచ్చిన గుండ్ల వరస వెనక సీటు దొరికితే మాత్రం వదలొద్దు. ముందు జుట్టు అడ్డం రాదు.)

సీటుదారు వస్తే ఏం చేయాలి? ఈ ఊళ్లో అందరూ స్వాములే. “స్వామీ, హెచ్ 11 మాది” అనగానే లేవాలి. టికెట్ చూపించమనకూడదు. “వెనక అంతా ఖాళీయే కదా, అక్కడ కూర్చోండి” అనడం ఇంకా తప్పు, ఆ మాట అనాల్సింది సీటు కొన్నవాడు. కుటుంబం పక్కపక్కన కూర్చోవాలని ఎవరినైనా జరగమంటే, వాళ్లకిచ్చే సీటు వాళ్లదానితో సమానమో మెరుగో అయి ఉండాలి. దారి పక్క సీటు కావాలని కొన్న పెద్దావిడను “అక్కా, కొంచెం లోపలికి” అనడం న్యాయం కాదు. సీటు మారినప్పుడు అడుగున పడేసిన కప్పు కూడా వెంట రావాలి.

ఇక మార్కులు. సింగిల్ స్క్రీన్ గేటుమనుషులకు అయిదుకు నాలుగు. టార్చి పట్టుకుని వరస దాకా వచ్చి కూర్చోబెడతారు, తగాదా వస్తే రెండు మాటల్లో తేల్చేస్తారు, ఖాళీగా ఉన్న రోజున “ఆ మధ్యలో కూర్చోండి స్వామీ” అని వాళ్లే అంటారు. ఒక మార్కు తగ్గింది, వరసల అక్షరాలు చీకట్లో కనబడవు కాబట్టి. మల్టీప్లెక్సులకు మూడు. మెట్ల అంచున వెలిగే అక్షరాలు బాగున్నాయి, కానీ ఆట మొదలయ్యాక అడగడానికి మనిషి దొరకడు. అక్కడ సీటు మారితే ఇంకో చిక్కు: సీటు నంబరు చెప్పి తెప్పించుకున్న తినుబండారం పాత సీటుకే వెళ్తుంది. మారాలనుకుంటే అది చేతికొచ్చాక మారండి. రిక్లైనర్‌లో కూర్చున్నవాళ్లు మధ్యలో లేవాలంటే కాలిపలక ముందే దించుకోవాలి, నిశ్శబ్దమైన సీనులో ఆ మోటారు శబ్దం నాలుగు వరసలకు వినిపిస్తుంది.

మహతి ఆడిటోరియంలో టీటీడీ కార్యక్రమాలకు టికెట్ ఉండదు, కాబట్టి తరగతి గొడవ లేదు. ముందు వరసలు అతిథులవి. వాళ్లు రాకపోతే నిర్వాహకులే పిలుస్తారు, అంతదాకా ఆగాలి. వెనక నుంచి ముందుకు జరగడం కీర్తనకూ కీర్తనకూ మధ్య, చప్పట్లు పడుతున్నప్పుడు. ఆలాపనలో కదలకూడదని చాలామందికి తెలుసు. తని ఆవర్తనం దగ్గరే, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే మోగే ఘట్టంలోనే, తప్పుతారు. తని మొదలవగానే కాఫీకి కొందరు లేస్తారు, ఆ కుర్చీల్లోకి వెనకవాళ్లు అప్పుడే దిగుతారు. తాళం లెక్కలో మునిగి ఉన్న మృదంగం ఆయనకు ఎదురుగా రెండు వరసలు సంతలా కదులుతుంటాయి. తని ముగిసి, గాయకులు పల్లవి తిరిగి అందుకుని కీర్తన పూర్తిచేసి, చప్పట్లు మొదలయ్యాక లేవండి. కాఫీకి వెళ్లినవాళ్లు తిరిగొస్తే ఆ కుర్చీ వాళ్లదే.